ఉత్తరం రాద్దామని కూర్చుంటే... మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం ఉత్తరాలకే ఇచ్చేశాను. చేత్తో ఉత్తరాలు రాయడం గురించి అప్పుడొకరు ఇప్పుడొకరు అడుగుతూనే ఉన్నారు, సందర్భం వచ్చినప్పుడు చెబుదాంలే అని పక్కన పెడుతూ వస్తే అదో పెద్ద కట్ట అయింది. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను. పేర్లు ఎవరివీ వేయడం లేదు, ఎవరి ప్రశ్న వాళ్లకి తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, నా చిన్ననాటి స్నేహితురాలు వేరే దేశంలో ఉంటోంది. తన పుట్టినరోజుకి చేత్తో ఉత్తరం రాసి పంపుదామని మంచి కాగితాలు, కవర్లు కూడా కొన్నాను. తీరా కూర్చుంటే "ఎలా ఉన్నావు, నేను బాగున్నాను" దగ్గరే పెన్ను ఆగిపోతోంది. రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటూనే ఉంటాం, ఇంక కొత్తగా రాయడానికి ఏముంటుంది?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనేస్తున్నాను. కొత్త సంగతి ఏదో చెప్పాలి అనుకుంటున్నావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. వార్తలు మోసే పని ఉత్తరానికి ఎప్పుడో తప్పిపోయింది. టెలిగ్రాం వచ్చినప్పుడు కొంత, ఇంటింటికీ ఫోన్ వచ్చాక ఇంకొంత, సెల్‌ఫోన్‌తో మిగిలిందీ పోయింది. పోతే పోయిందిలే, నాకైతే అది మంచికే అనిపిస్తుంది. ఇప్పుడు ఉత్తరంలో వార్త ఉండి తీరాలన్న రూలేమీ లేదు, నీకు తోచింది రాసుకోవచ్చు.

చాట్‌లో ఏమవుతుందో ఒకసారి గమనించు. నువ్వు ఒక విషయం మొదలుపెడతావు, రెండో వాక్యం టైప్ చేసేలోపే తన ప్రశ్న వచ్చేస్తుంది, నువ్వు దానికి జవాబిస్తావు, ఈలోగా మధ్యలో ఆఫీసు గ్రూప్ నుంచి ఇంకేదో మోగుతుంది, మొదలుపెట్టిన విషయం అక్కడే ఉండిపోతుంది. అలా సగంలో ఆగిపోయినవి మీ ఇద్దరి మధ్యా బోలెడుంటాయి. వాటిలో ఒకటి తీసుకో. నాలుగు నెలల కింద తను ఏదో అంది, నువ్వు "అవును కదా" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి వదిలేశావు, కానీ అది ఎందుకో మనసులో ఉండిపోయింది. దాని గురించి రాయి. అడ్డొచ్చేవాళ్లు లేరు, నీ మాట చివరిదాకా నువ్వే చెప్పుకోవచ్చు.

అదీ తోచకపోతే ఎదురుగా ఏముందో అది రాయి. చిత్రకారుడు వాన్ గో 1888 అక్టోబర్‌లో తమ్ముడు తియోకి రాసిన ఒక ఉత్తరంలో ఉన్నదల్లా తన పడకగది. గోడలు లేత ఊదా, నేల ఎర్ర పలకలు, మంచం పసుపు, దుప్పటి ఎరుపు, కిటికీ ఆకుపచ్చ అని వరసగా చెప్పుకుంటూ పోయాడు, పక్కన చిన్న బొమ్మ కూడా గీసి పెట్టాడు. అందులో వార్తంటూ ఏమీ లేదు, ఫలానా రంగు వేస్తున్నాను అనే తప్ప. అయినా అది చదివితే ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన రాసిన ఉత్తరాలు ఇప్పటికీ 800కు పైగా మిగిలి ఉన్నాయి, ఎక్కువ భాగం తమ్ముడికి రాసినవే. నీ టేబుల్ మీద ఏముంది, కిటికీలోంచి ఏ చప్పుడు వస్తోంది, ఇప్పుడు టైమెంత, ఇది రాస్తూ ఎన్నిసార్లు లేచావు? ఇవన్నీ చాట్‌లో ఎవరూ చెప్పుకోరు. స్నేహితురాలికి కావలసింది ఇవే.

చివరగా రెండు మాటలు, పనికొచ్చేవి. ముందు చిత్తుప్రతి రాసి, తర్వాత ఫెయిర్ చేసి పంపడం వద్దు. ఫెయిర్ చేసేటప్పుడు మనం ఎదుటి మనిషిని మర్చిపోయి అక్షరాల్ని చూసుకుంటాం, బాగున్న వాక్యాలు కూడా భయంతో కొట్టేస్తాం. తప్పు పోతే ఒక్క గీత గీసి ముందుకెళ్లు, కింద ఉన్న మాట కనపడితే కనపడనీ. ఇంకోటి, ఒక్క దెబ్బలో పూర్తి చేయాలని టెన్షన్ పెట్టుకోకు. ఇవాళ సగం, ఎల్లుండి సగం రాయొచ్చు, "మొన్న ఇక్కడ ఆపాను, ఈలోపు మూడ్ మారిపోయింది" అని రాసేయొచ్చు, పెన్ను మారినా పర్లేదు.

రాస్తే వచ్చే సంతోషం ఎక్కడుందని అడిగితే నేను చెప్పేది ఒకటే: చెయ్యి మనసు కన్నా నెమ్మది. ఒక వాక్యం కాగితం మీద పూర్తయ్యేలోపు ఆలోచన ముందుకెళ్లి ఇంకేదో వెతికి పట్టుకొస్తుంది, అది నువ్వు రాద్దామని కూర్చున్నది అయ్యుండదు. "అరే, నాకిలా అనిపించిందా" అని నీకే తెలుస్తుంది. నార్వేలో 36 మంది విద్యార్థుల తలకి సెన్సర్లు పెట్టి చేసిన ఒక అధ్యయనం 2024లో వచ్చింది, చేత్తో రాసేటప్పుడు మెదడులో వేర్వేరు భాగాల మధ్య అనుసంధానం టైప్ చేసేటప్పటి కన్నా చాలా ఎక్కువగా కనిపించిందట. అది ఉత్తరాల మీద చేసింది కాదు, సంతోషం మీద అసలే కాదు, కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తేవడం లేదు. నాలుగు పేజీలు రాసి లేస్తే నీకే అర్థమవుతుంది.

ప్రశ్న: నా రాత కోడిగీతలు. నాకే అర్థం కాదు. టైప్ చేసి ప్రింట్ తీసి కింద సంతకం పెట్టి పంపితే సరిపోదా?

జవాబు: సరిపోతుంది, ఏమీ పంపకపోవడం కన్నా నయమే. కానీ కింద సంతకం ఒక్కటే కాకుండా నాలుగు లైన్లు చేత్తో రాయండి. ఈ పద్ధతి చాలా పాతది కూడా. ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ సైనిక స్థావరం తవ్వకాల్లో పల్చటి చెక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి, క్రీస్తుశకం 100 ప్రాంతంవి. వాటిలో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలు లెపిడినాని పుట్టినరోజుకి రమ్మని పిలిచిన ఉత్తరం ఒకటుంది. పిలుపంతా లేఖకుడి చేతిరాత, చక్కగా ఉంటుంది. చివర్లో మాత్రం రాత మారిపోతుంది, అంత కుదురు లేని అక్షరాలు. "నీకోసం చూస్తుంటాను సోదరీ" అని మొదలుపెట్టి, ప్రాణంతో సమానమైనదానా అన్నంత ఆపేక్షగా నాలుగు ముక్కలు ఆవిడే రాసుకుంది. లాటిన్‌లో ఒక స్త్రీ స్వయంగా రాసినవాటిలో మనకు దొరికిన అతి పాత రాతల్లో అదొకటి. లేఖకుడి రాత అందంగా ఉన్నా అందరూ చూసేది ఆ కుదురులేని నాలుగు లైన్లే.

మరీ అర్థం కాకపోతే లైన్ వదిలి లైన్ రాయండి, సగం సమస్య తీరుతుంది.

ప్రశ్న: మేడమ్, స్కూల్లో నాకు లెక్కలు చెప్పిన టీచర్‌కి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఇన్నేళ్లయ్యాక ఇప్పుడు రాస్తే వింతగా అనుకుంటారేమో? అసలు నేను గుర్తున్నానో లేదో.

జవాబు: మీ భయం మీ ఒక్కరిదే కాదు, దీని మీద ఏకంగా పరిశోధనే జరిగింది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరి చేత కృతజ్ఞతతో ఉత్తరాలు రాయించి, అందుకున్నవాళ్లు ఏమనుకుంటారో ముందే ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లని అడిగారు. రాసినవాళ్ల ఊహలు తప్పాయి: ఎదుటివాళ్లకి ఇబ్బందిగా ఉంటుందని వీళ్లు అనుకున్నంత ఇబ్బంది అక్కడ లేదు, వాళ్లకి కలిగిన ఆశ్చర్యం, సంతోషం మాత్రం అనుకున్నదాని కన్నా ఎక్కువే. ఇది 2018లో అచ్చయింది. ఆ ఉత్తరాలు వెళ్లింది ఈమెయిల్‌లో అనుకోండి, కానీ రాయకుండా మిమ్మల్ని ఆపుతున్న జంకు కూడా అదే కదా.

గుర్తున్నారో లేదో అనే అనుమానం ఉంటే మొదటి రెండు వాక్యాల్లోనే అది తీర్చేయండి. ఏ సంవత్సరం, ఏ క్లాసు, ఏ బెంచీలో కూర్చునేవారు, ఇంత చాలు. "మీరు నాకు ఎంతో చేశారు, మీ రుణం తీర్చుకోలేనిది" లాంటి వాక్యాలు వద్దు, అవి సన్మానపత్రంలో ఉంటాయి. ఆయన ఏ రోజు ఏమన్నారు, అది మీకు ఎప్పుడు ఎక్కడ పనికొచ్చింది, ఒక్క సంఘటన రాయండి, అందులోనే అన్నీ వచ్చేస్తాయి. పెద్దవారు కదా, అక్షరాలు కాస్త పెద్దవిగా. ఆలస్యం అయిందని పేజీలో సగం క్షమాపణలతో నింపకండి. ఒక లైన్ చాలు. రాసిన రోజే పోస్ట్ చేసేయండి, మర్నాడు చదివితే పంపబుద్ధి కాదు.

ప్రశ్న: అమ్మా, నా వయసు డెబ్భై దాటింది. మా ఆవిడ పోయాక ఆవిడ నాకు రాసిన ఉత్తరాలు పెట్టెలోంచి తీశాను. కొన్ని మడతల దగ్గర చిరిగిపోతున్నాయి, కొన్నిటి మీద సిరా గోధుమరంగులోకి మారింది. మా అబ్బాయి లామినేషన్ చేయిద్దామంటున్నాడు. చేయించమంటావా?

జవాబు: వద్దండీ. లామినేషన్ మాత్రం చేయించకండి. వేడితో కాగితాన్ని ప్లాస్టిక్‌కి అతికించేస్తారు, ఆ తర్వాత దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం, లోపల పాడవడం మొదలైతే చేసేదేమీ ఉండదు. సెలోటేప్ కూడా వద్దు, కొన్నాళ్లకి ఆ జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, టేప్ ఊడిపోయినా మరక పోదు.

కాగితం ఎందుకు పెళుసవుతుందంటే, పంతొమ్మిదో శతాబ్దం నుంచి చెక్క గుజ్జుతో చౌకగా చేసిన కాగితాల్లో ఆమ్లం ఎక్కువ, అదే లోపలి నుంచి కాగితాన్ని తినేస్తుంది. ఎండా, వేడీ, తేమా దాన్ని తొందరపెడతాయి. సిరా గోధుమరంగుకి తిరగడానికి ఒక కారణం, అది ఇనుము కలిసిన సిరా అయి ఉండొచ్చు. ఓక్ చెట్ల కాయల్లాంటి బుడిపెల రసంలో ఇనుప లవణం కలిపి వందల ఏళ్లపాటు చేశారు దాన్ని. రాసినప్పుడు పాలిపోయినట్టుండి గాలి తగిలాక నల్లబడుతుంది, దశాబ్దాలు గడిచాక గోధుమరంగులోకి వస్తుంది. మామూలు రంగు సిరా అయితే వెలుతురుకి వెలిసిపోతుంది. రెండిటిలో ఏదైనా మీరు చేయాల్సింది ఒకటే, వెలుతురుకి దూరంగా పెట్టడం. ఫ్రేం కట్టించి గోడకి వేలాడదీయాలని ఉంటే ఉత్తరం ఫోటో తీసి దాన్ని ఫ్రేం కట్టించుకోండి.

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. గుండుసూదులు, క్లిప్పులు ఉంటే తీసేయండి, తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. మడత విప్పి పరిచి పెట్టండి, మడిచి విప్పిన ప్రతిసారీ చిరుగు పెరుగుతుంది. బలవంతంగా మాత్రం విప్పకండి, విప్పుకోనిదాన్ని అలాగే వదిలేయండి. ఆమ్లం లేని కాగితం అని అడిగితే దొరుకుతుంది, ఒక్కో ఉత్తరానికీ మధ్య అది పెట్టి, అట్టపెట్టెలో, ఇంట్లో మనుషులు తిరిగే గదిలో అల్మారాలో ఉంచండి. అటక మీద వేడి, నేలకి దగ్గరగా చెమ్మ, రెండూ పనికిరావు. కవర్లు పారేయకండి, చాలామంది ఉత్తరంలో తేదీ వేయరు, కవరు మీద ముద్ర ఒక్కటే ఆధారం. పెన్సిల్‌తో రాసినవి ఉంటే వాటి గురించి బెంగ వద్దు, పెన్సిల్ గీత వెలుతురుకి వెలిసిపోదు, రుద్దుకోకుండా చూసుకుంటే చాలు.

అన్నిటికన్నా ముందు ఒక పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఒక్కో పేజీ ఫోటో తీయమనండి. పక్కన మీరు కూర్చుని, ఉత్తరంలో వచ్చే పేర్లు ఎవరివో, ఏ సందర్భమో చెబుతుంటే వేరే నోట్‌బుక్‌లో రాసుకోమనండి. అది మీరు తప్ప ఎవరూ చెప్పలేరు. చదువుతూ మధ్యలో ఆగిపోవాలనిపిస్తే ఆగిపోండి, ఇదేమీ వారంలో తేల్చాల్సిన పని కాదు.

ప్రశ్న: ఇంక్ పెన్నా, బాల్‌పెన్నా?

జవాబు: ఏది ఆగకుండా రాస్తే అది. ఇంక్ పెన్ను పట్టుకుంటే వేళ్లు అంత నొక్కక్కర్లేదు, పొడుగు ఉత్తరాలకి హాయి. కానీ మామూలు ఇంకు మీద నీటి చుక్క పడితే అడ్రస్ అలుక్కుపోతుంది, అందుకని కవరు మీద బాల్‌పెన్నే వాడండి. కాగితం వెనక్కి ఇంకు దిగుతుంటే ఒకవైపే రాయండి. వందల రకాల ఇంకులు, పెన్నులు కొని ఒక్క ఉత్తరమూ రాయని వాళ్లున్నారు, అది వేరే హాబీ.

ప్రశ్న: మా అమ్మ తన పాత ఉత్తరాలన్నీ చింపి పారేస్తానంటోంది. "నేను పోయాక మీరంతా కూర్చుని చదువుకోవడానికా" అంటోంది. ఎలా ఆపాలి మేడమ్? అందులో మా నాన్న రాసినవి కూడా ఉన్నాయి.

జవాబు: ఆపొద్దనే నేను చెబుతాను, మీకు నచ్చకపోయినా.

చాలా దేశాల్లో చట్టం ఎలా చూస్తుందంటే, ఉత్తరం ఎవరికి అందిందో కాగితం వాళ్ల సొంతం, అచ్చు వేసే హక్కు మాత్రం రాసినవాళ్లది. చట్టం పక్కన పెట్టండి, మామూలు మర్యాదగా ఆలోచించినా ఆ ఉత్తరాలు ఒక్క మనిషి కోసం రాసినవి, మీ నాన్నగారు రాస్తున్నప్పుడు మీరు చదువుతారని అనుకుని ఉండరు. అలా అనుకుని ఉంటే అవి వేరేగా ఉండేవి. రచయిత్రి జేన్ ఆస్టిన్ చనిపోయాక ఆమె అక్క కసాండ్రా తన దగ్గరున్న ఉత్తరాల్లో చాలావాటిని కాల్చేసింది, కొన్నిటిలో ముక్కలు కత్తిరించి తీసేసింది. ఇప్పుడు మిగిలినవి 160 వరకు. సాహిత్యం చదివేవాళ్లు ఇప్పటికీ కసాండ్రాని తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆవిడ మీద కోపం రాదు. చెల్లెలు రాసింది తనకి, లోకానికి కాదు.

అయితే అమ్మని ఒక మాట అడగొచ్చు: "నువ్వే ఏరి, ఇవి చదివినా పర్లేదు అనుకున్నవి ఒక పది ఉంచు" అని. ఏరడానికి కూర్చుంటే మళ్లీ చదువుతారు, మళ్లీ చదివితే అన్నీ చింపబుద్ధి కాకపోవచ్చు. చింపినా అది ఆవిడిష్టం. మీరు పక్కన ఉండి, అడిగితే మాట్లాడండి, అడక్కపోతే ఊరుకోండి.

ప్రశ్న: డెన్మార్క్‌లో పోస్టాఫీసు ఉత్తరాలే ఆపేసిందట కదా. ఇంకా ఈ ఉత్తరాల పిచ్చి దేనికండీ?

జవాబు: నిజమే. 1624 నుంచి నడుస్తున్న అక్కడి ప్రభుత్వ తపాలా 2025 చివరితో ఉత్తరాల బట్వాడా మానేసింది. 2000లో ఏడాదికి 140 కోట్ల దాకా ఉన్న ఉత్తరాలు 2024కి 11 కోట్లకి పడిపోయాయి మరి. కానీ ఆ 140 కోట్లలో మనం మాట్లాడుకునే ఉత్తరాలు ఎన్ని ఉంటాయి చెప్పండి? బిల్లులు, బ్యాంకు కాగితాలు, నోటీసులు, ప్రకటనలు, ఇవన్నీ ఆన్‌లైన్‌కి పోయాయి, పోవాలి కూడా. అక్కడైనా ఉత్తరం వేయడం పూర్తిగా ఆగలేదు, ఒక ప్రైవేటు సంస్థ చేరవేస్తోంది. మరోపక్క 2005లో పోర్చుగల్ విద్యార్థి ఒకరు మొదలుపెట్టిన పోస్ట్‌క్రాసింగ్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరికొకరు ఇప్పటికే కోట్ల కార్డులు పంపుకున్నారు. పిచ్చే అనుకోండి, మీకు నష్టమేముంది?

ప్రశ్న: హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి నెలకో ఉత్తరం రాస్తున్నాను. వాడు ఒక్కదానికీ తిరిగి రాయడు. ఫోన్లో "అందింది నాన్నా" అంటాడు, అంతే. రాయడం మానేయనా?

జవాబు: మానకండి. "అందింది నాన్నా" అనేది జవాబే, ఆ వయసు కుర్రాడి దగ్గర నుంచి చిన్న జవాబేమీ కాదు.

కాకపోతే మీ ఉత్తరాల్లో ఏం రాస్తున్నారో ఒకసారి చూసుకోండి. చదువు ఎలా సాగుతోంది, సరిగ్గా తింటున్నావా, డబ్బులు జాగ్రత్త... ఇలా ప్రశ్నలు, హెచ్చరికలే ఉంటే అది హాజరుపట్టీలా ఉంటుంది, దానికి ఎవరు మాత్రం ఏం రాస్తారు? వాడి సంగతి అడగడం తగ్గించి మీ సంగతి చెప్పండి. మీ ఆఫీసులో ఇవాళ ఎవరితో వాదన పడ్డారు, వాడి వయసులో మీరు దేనికి భయపడేవారు, వాడి గదిలో అల్మారా సర్దుతుంటే ఏం దొరికింది. నాన్న ఇలాంటివి ఎదురుగా కూర్చుని చెప్పడు, ఫోన్లో అసలు చెప్పడు, కాగితం మీద ఎందుకో చెప్పగలడు.

ఈసారి కవర్లో మీ అడ్రస్ రాసి స్టాంపు అంటించిన కార్డు ఒకటి పెట్టండి. రాయడానికి చోటు తక్కువ కాబట్టి భయం ఉండదు, 1869లో ఆస్ట్రియా-హంగరీలో మొట్టమొదటి పోస్టుకార్డు వచ్చినప్పుడు జనం ఎగబడింది కూడా నాలుగు ముక్కల్లో తేలిపోతుందనే. కార్డు తిరిగొస్తే రెండు లైన్లే ఉన్నా "ఇంతేనా" అనకండి. రాకపోతే వచ్చే నెల ఇంకో కార్డు పెట్టండి.